అక్క కాల్చిన గిన్నె

మా అక్క పోయింది. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

బావ ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో లెక్కల క్లాసు చెబుతున్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. క్లాసు టైములో ఫోన్ చేసే మనిషి కాదు బావ. "ఏమోయ్, మీ అక్క లేవడం లేదు" అన్నాడు. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కిన మనిషి ఇక లేవలేదు. నేను సుద్దముక్క చేతిలో పట్టుకునే ఆటో ఎక్కి భవానీపురంలో అక్కా వాళ్ళింటికి వెళ్ళానట. వాళ్ళ కోడలు నా గుప్పిట విప్పి దాన్ని తీసింది.

గుండె బలహీనంగా ఉందని డాక్టరు ముందే చెప్పాడు. వయసు డెబ్భై దాటింది. అందుకని వచ్చినవాళ్ళందరూ నాకు అదే చెబుతున్నారు, మంచి చావండీ, నొప్పి తెలియకుండా పోయింది అని. నాకు ఒళ్ళు మండిపోతోంది. పోయినావిడకి నొప్పి తెలియకపోతే మాకూ తెలియకుండా ఉంటుందా? అమ్మ ఉద్యోగానికి వెళ్తే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్క. నాకు అన్నం కలిపిపెట్టింది, పలక మీద చెయ్యి పట్టి రాయించింది, అబద్ధమాడితే చెవి మెలేసింది. నాకు బట్టతల వచ్చాక కూడా "ఒరేయ్" అని పిలిచే మనిషి ఆ ఒక్కతే మిగిలింది. ఇప్పుడు ఎవరూ లేరు.

మీలో చాలామందికి ఆవిడ జీవశాస్త్రం టీచరుగా తెలిసి ఉండవచ్చు. ఆవిడ చేత రికార్డులు దిద్దించుకున్నవాళ్ళు విజయవాడలో వీధికొకరు ఉంటారు. కప్ప గుండె బొమ్మకి పెన్సిలుతో గీతలు గీసి నీడ వేస్తే అక్క ఒప్పుకునేది కాదు. చుక్కలే పెట్టాలి. నీడ ముదిరినచోట దగ్గర దగ్గరగా, వెలుగున్నచోట ఎడంగా. పిల్లలు తొందరకి పెన్సిలు దబదబా పొడిచేస్తే అవి తోకలున్న చుక్కలయ్యేవి. "ఇవి చుక్కలా, చేపపిల్లలా?" అని పుస్తకం వెనక్కి ఇచ్చేసేది. గీతకి తొందరెక్కువ, చుక్కకి ఓపికెక్కువ అనేది. నాకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ఎందుకంటే నేను పుట్టుకతోనే గీత జాతి మనిషిని.

బావ రైల్వేలో టర్నరు. జన్మంతా లేత్ మీద ఇనుము చెక్కినవాడు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఎక్కడో తుక్కుకి వేసిన చిన్న లేత్ ఒకటి తెచ్చి, బాగుచేసి, పెరట్లో రేకుల షెడ్డు కింద బిగించాడు. ఇనుము దొరకదు కాబట్టి కర్ర పట్టాడు. గాలివానకి కాలవగట్టు మీద నిద్రగన్నేరు చెట్టు పడితే చాలు, దుంగ ముక్కొకటి ఆటోలో ఎక్కించుకుని వచ్చేవాడు. పచ్చి దుంగని మందంగా గిన్నె ఆకారానికి తెచ్చి, చల్లపల్లి దగ్గర వాళ్ళ ఊరి మిల్లు నుంచి తెప్పించిన ఊక గోతాంలో పాతిపెట్టేవాడు. నెలల తరబడి అది నెమ్మదిగా ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే పగిలిపోతుంది. ఆరాక తీసి మళ్ళీ లేత్‌కెక్కించి పల్చగా చెక్కేవాడు.

మొదట్లో ఆ గిన్నెలు చూడముచ్చటగా ఏమీ ఉండేవి కావు. ఇనుము చెప్పినమాట వింటుంది, కర్ర ఎదురు తిరుగుతుంది అని బావ సణుక్కునేవాడు. అంచు కింద పీచు రేగి, ఎలుక కొరికినట్టు ఉండేది. గరుకు కాగితంతో ఎంత రుద్దినా పోయేది కాదు. ఒకరోజు అక్క ఆ రేగినచోటు చూసి, బావ రేడియోలు బాగుచేసుకునే సోల్డరింగ్ కడ్డీ తీసుకుని, వేడెక్కాక దాని మొనతో ఒక చుక్క పెట్టింది. కర్ర చిన్నగా సుయ్‌మంది. నల్లటి చుక్క, దాని చుట్టూ తేనెరంగు నీడ. పక్కన ఇంకోటి పెట్టింది. ఆ సాయంత్రానికి బావ తప్పు కాస్తా అక్క డిజైనైపోయింది. "పెళ్ళైన దగ్గర్నించీ మీ బావ తప్పులు కప్పిపుచ్చడమే నా ఉద్యోగం" అంది నాతో. బావ వినీ విననట్టు లేత్‌కి నూనె వేసుకుంటున్నాడు.

రెండో గిన్నెకే పరువు పోయింది. దాన్ని బాగా చెక్కాననే ఉత్సాహంలో బావ నువ్వులనూనె పట్టించి, తళతళలాడించి, అక్క చేతికి ఇచ్చాడు. కాల్చే పని అయ్యాక గదా నూనె పట్టించాలి? ఇద్దరికీ తెలియదు. అక్క కడ్డీ ఆనించింది. ఇల్లంతా పొగ, పోపు మాడిన కంపు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఏం మాడిందండీ? కాస్త చూసుకోండి" అంది. అక్క తడుముకోకుండా, "గిన్నె మాడిందండీ" అంది. ఎదురింటావిడ పాపం స్టవ్ మీద గిన్నె అనుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు వాళ్ళిద్దరూ నవ్విన నవ్వు నాకు ఫోన్‌లో వినపడింది. జరిగింది చెప్పడానికి చేశారుగానీ నవ్వు ఆగక చెప్పలేక పెట్టేశారు.

తర్వాత బావ చెయ్యి తిరిగింది. పీచు రేగడం మానేసింది. అయినా అంచు కింద రెండు వేళ్ళ వెడల్పున ఒక పట్టీ నునుపు చెయ్యకుండా వదిలేసేవాడు. ఎందుకు బావా అంటే, "అది మీ అక్క వాటా" అనేవాడు. అక్క కోసం పాత హీటరు కాయిల్ తీగ వంచి సన్నటి మొన ఉన్న పెన్నులాంటిది తయారుచేశాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చునేది. పొగ తన మొహం మీదికి రాకుండా బయటికి లాగేటట్టు టేబుల్ ఫాను కిటికీ వైపు తిప్పి పెట్టేవాడు బావ. ఆ ఫాను గాలి పెన్ను మొనకి తగలకూడదు, తగిలితే వేడి తగ్గి చుక్క పాలిపోతుంది. అందుకని అటూ ఇటూ జరుపుతూ ఆయన, "ఇంక చాలండీ, ఒళ్ళో పెట్టేటట్టున్నారు" అని ఆవిడ.

నాకూ ఒకసారి పెన్ను ఇచ్చింది. చూస్తే ఏముంది, ఆనించి తీసెయ్యడమే కదా అనిపిస్తుంది. అలా కాదు. గిన్నె గుండ్రం, కర్ర పీచు మాత్రం ఒకే దిక్కుకి తిన్నగా ఉంటుంది. కాబట్టి చుట్టూ తిరిగి వచ్చేసరికి రెండుచోట్ల పీచు కొసలు బయటికి తేలతాయి, అక్కడ మొన ఇలా తగిలితే అలా లోపలికి దిగిపోతుంది. మిగతా చోట్ల కాసేపు ఆగితేగానీ రంగు రాదు. అన్ని చుక్కలూ ఒక్కలా రావాలంటే చెయ్యి ఒక్కలా ఆగకూడదు. నేను అన్నిచోట్లా ఒకే లెక్కన ఆగాను. బఠాణీ గింజంత మచ్చ పడింది. అక్క దాన్ని చెరిపే ప్రయత్నం కూడా చెయ్యలేదు. చుట్టూ తన చుక్కలు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది, ఇది మా లెక్కల మాస్టారి చుక్క అని.

గిన్నెలన్నీ చుట్టాలకీ స్నేహితులకీ ఇచ్చేసేది. తీసుకున్నవాళ్ళు అబ్బ ఎంత బాగుందో అనేవారు. అని, గాజు బీరువాలో పెట్టేవారు. అక్కడే వచ్చింది చిక్కు. అక్క ఎవరింటికి వెళ్ళినా ముందు తన గిన్నె ఎక్కడుందో చూసేది. పింగాణీ బొమ్మల మధ్య, పిల్లల కప్పుల పక్కన, తాళం వేసి ఉండేది. మా ఇంట్లోనూ అంతే, మా ఆవిడ దాన్ని టీవీ పక్కన పెట్టి రోజూ పొడిగుడ్డతో తుడిచేది. "అమ్మాయ్, అందులో నాలుగు నిమ్మకాయలన్నా వెయ్యవే" అంటే, "అయ్యో వదినా, మరక పడదూ?" అనేది.

అక్కకి అది నిజంగానే బాధ. మెచ్చుకోలు ఆవిడకి అక్కర్లేదు. "గిన్నె అన్నాక ఏదో ఒకటి పోసుకోవాలి కదరా. బొమ్మ చెయ్యదలుచుకుంటే బొమ్మే చేసేదాన్ని" అంది నాతో. మరి నువ్వే వాడుకోవచ్చు కదా అన్నాను. "మన చేత్తో చేసింది మనం వాడుకుంటే అందులో ఏముంది? ఇంకొకళ్ళ చేతిలో అరగాలి" అంది. ఆ మాట అన్నప్పుడు నవ్వుతూనే ఉంది గానీ కళ్ళు నవ్వలేదు. నాకు తెలుసు, నేను ఆ కళ్ళ ముందే పెరిగాను.

అందుకే కొడుకు పెళ్ళి కుదిరినప్పుడు ఆ గిన్నె మొదలుపెట్టింది.

తలంబ్రాలకి. బావ తన దగ్గరున్న దుంగల్లోకెల్లా పెద్దది తీశాడు. మధ్యలో కాఫీరంగు చేవ, అంచున మీగడరంగు. అక్క ఈసారి చుక్కలు పెట్టలేదు. తీగ మొనని సుత్తితో కొట్టించి చదును చేయించి, ఒక్కొక్క మచ్చా బియ్యపుగింజ ఆకారంలో వచ్చేటట్టు కాల్చింది. అంచు దగ్గర గింజ మీద గింజ, కిందికి వస్తున్నకొద్దీ పల్చబడి, అడుగున ఎక్కడో ఒక గింజ. పైనుంచి పోస్తే జారినట్టు. వేలితో రాస్తే నిజంగా బియ్యం మీద చెయ్యి పెట్టినట్టే ఉండేది. వానాకాలమంతా అదే పని. ఎప్పుడు వెళ్ళినా కిటికీ పక్కన ఆవిడ, ఒళ్ళో గిన్నె, బయటికి పోతున్న సన్నటి పొగ. కాబోయే కోడలు వచ్చి చూసి, దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, "దీంట్లోంచే పోసుకుంటాం అత్తయ్యగారూ" అంది. అక్క మొహం అంతగా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

పెళ్ళిరోజు ముహూర్తం దగ్గర పడుతోంది. పసుపు బియ్యం గిన్నెలో పోసి పీటల పక్కకి తెస్తుంటే మా మేనత్త చూసింది. ఇంటికి పెద్ద, ఆవిడ మాటకి తిరుగులేదు. "ఇదేంటే, కాల్చిన దాంట్లో తలంబ్రాలా? బొగ్గు మరకల మీద పసుపు బియ్యమా? కాల్చడం ఎక్కడ కాలుస్తారో తెలియదా నీకు?" అంది. గట్టిగా కూడా అనలేదు. కానీ అక్కడున్న ఆడవాళ్ళందరూ విన్నారు.

నేను ఊరుకోలేదు. అన్నం వండిన గిన్నె కాలదా, దీపం కాలదా, హోమం చేసేది నీళ్ళతోనా అని మేనత్తతో దెబ్బలాటకి దిగాను. మేళాలు ఆగేంత గొడవ చేసేవాడినే. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒరేయ్, పెళ్ళి వాళ్ళది, గిన్నె నాది. ఏది పెద్దదో నువ్వే చెప్పు" అంది. వెండి పళ్ళెం తెప్పించి, తన చేత్తోనే బియ్యం అందులోకి ఒంపింది. గిన్నె అడుగున రెండు గింజలు అంటుకుంటే అవి కూడా వేలితో తీసి పళ్ళెంలో వేసింది. తర్వాత అక్షింతలు వేసింది, వడ్డనలు చూసింది, అందరితో నవ్వుతూ ఫోటోలు దిగింది. బావ మాత్రం పందిరి బయట కుర్చీ వేసుకుని కూర్చుని, భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

ఆ తర్వాత కోడలు ఎంత అడిగినా అక్క ఆ గిన్నె ఇవ్వలేదు. "ఒకసారి వద్దనిపించుకున్నది నీకెందుకమ్మా, కొత్తది చేసిస్తాలే" అని పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టింది. కొత్తది చెయ్యలేదు. గుండె జబ్బు బయటపడి, పొగ పీల్చకూడదన్నారు, కిటికీ పక్క బల్ల తీసేశారు. ఇంక లేత్ ఎందుకని బావ షెడ్డుకి తాళం వేశాడు. నేను ఆదివారాలు వెళ్ళి కూర్చునేవాడిని. మజ్జిగ తాగేవాళ్ళం. ఒకసారి ఉన్నట్టుండి, "ఒక్క గిన్నెరా. ఒక్కటన్నా ఎవరింట్లోనైనా నిజంగా పనిలో ఉంటే చూడాలని ఉంది" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "నీకు ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు కావాలి. కాసేపు ఊరుకో" అంది.

అస్థికలు తెచ్చిన రోజు పంతులుగారు మట్టి ముంత సిద్ధం చేసుకున్నారు. బావ లోపలికి వెళ్ళి పాత చీర మూట తెచ్చాడు. విప్పి, ఆ గిన్నె అరుగు మీద పెట్టాడు. "ఇందులో" అన్నాడు.

నేను మేనత్త వైపు చూశాను. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ముసలితనానికి నడుం వంగిపోయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అందులోనే పెట్టండి నాయనా. దాని చేతి పని. చక్కగా ఉంటుంది" అంది.

ఎవరూ అడ్డు చెప్పలేదు. చావు పనికి ఆ గిన్నె అందరికీ నచ్చింది. నేను పెరట్లోకి వెళ్ళి తాళం వేసిన షెడ్డు పట్టుకుని ఏడ్చాను. పెద్దవాడిని, పదిమందికి పాఠాలు చెప్పేవాడిని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ముసలావిడ మీద కోపం తెచ్చుకుందామంటే అది కూడా రాలేదు. ఆవిడ నిజంగానే ప్రేమతో అంది.

చల్లపల్లి దాటి బావ వాళ్ళ ఊరి రేవుకి వెళ్ళాం, మేనల్లుడూ బావా నేనూ పంతులుగారూ. అక్కడ కృష్ణానది సముద్రానికి దగ్గర, వెడల్పుగా, బురదరంగులో ఉంటుంది. పోటు తగ్గి నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. మంత్రాలయ్యాక మేనల్లుడు నడుంలోతు నీళ్ళలో నిలబడి, తెల్లగుడ్డ కప్పిన గిన్నెని నీళ్ళ మీద పెట్టి చేతులు వదిలాడు.

గిన్నె మునగలేదు.

కర్ర మునుగుతుందా? ఇన్నేళ్ళు కర్రతో బతికిన బావకి తోచలేదు, లెక్కలు చెప్పే నాకు తోచలేదు, పంతులుగారికీ తోచలేదు. తల్లి అస్థికలతో అది నీళ్ళ మీద మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. మేనల్లుడు రెండు చేతులతో అదిమిపట్టాడు. వదలగానే పైకి వచ్చింది. మళ్ళీ అదిమాడు. మళ్ళీ వచ్చింది. "నాన్నా, అమ్మ వెళ్ళనంటోంది" అని వాడు అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

బావ పంచెతోనే నీళ్ళలోకి దిగాడు. గుడ్డ తీశాడు. గిన్నెని ఒక పక్కకి వంచి, ఒలికిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా నీళ్ళలోకి ఒంపాడు. బూడిద కాసేపు పైన తేలి, పల్చబడి, కలిసిపోయింది. లోపల నీళ్ళు పోసి చేత్తో కడిగాడు. భోజనాలయ్యాక గిన్నె కడిగినట్టే కడిగాడు. ఇంటికి తీసుకెళ్ళకూడదు బాబూ, వదిలెయ్యండి అన్నారు పంతులుగారు. వదిలేశాడు. వెనక్కి తిరిగి చూడకుండా రండి అన్నారు. మేనల్లుడు తల వంచుకుని గట్టెక్కాడు. బావ గట్టు మీదికి వచ్చి, ఏటి వైపే తిరిగి నిలబడ్డాడు. పంతులుగారు రెండోసారి చెప్పలేదు. నేనూ బావ పక్కనే నిలబడ్డాను.

కొంచెం దిగువన చిన్న పడవలో మొగుడూ పెళ్ళామూ వల లాగుతున్నారు. మొగుడు వల పట్టుకుని ఉన్నాడు. ఆవిడ పడవలో చేరిన నీళ్ళు కోసిన ప్లాస్టిక్ డబ్బాతో తోడి పోస్తోంది. గిన్నె తేలుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెయ్యి చాచి అందుకుంది. తలకిందులు చేసి చూసింది. అంచు కింద బొటనవేలితో చుట్టూ రాసి చూసింది. మొగుడితో ఏదో అంది, ఆయన తల తిప్పకుండానే ఏదో అన్నాడు. ఆవిడ ప్లాస్టిక్ డబ్బా పక్కన పడేసి, గిన్నెతో నీళ్ళు తోడడం మొదలుపెట్టింది.

అది అస్థికల గిన్నె అని వాళ్ళకి చెప్పాలి కదా అనుకుని, కేక వెయ్యడానికి నేను చెయ్యెత్తాను. బావ నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"పిలవకోయ్" అన్నాడు. "వాడుకోనీ."

నా చెయ్యి వదల్లేదు. ఆయన మొహం నిండా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అక్కడ పడవలో ఆవిడ వంగి ముంచుతోంది, పక్కకి తిరిగి పోస్తోంది, మళ్ళీ వంగి ముంచుతోంది. మేము చూస్తూ నిలబడ్డాం. పడవ కనపడినంతసేపూ ఆవిడ తోడుతూనే ఉంది.